కప్పు కింద చీటీ

మా బావకి పాలవాడు మంచివాడని చెప్పి చూడండి, ఎంత మంచివాడో గిన్నెలో పోసి చూపించమంటాడు. కొత్త గ్యాస్ బండ వస్తే తూకం వేసి చూడనిదే వంటింట్లోకి రానివ్వడు. గడియారం బాగుచేయించి తెచ్చుకుంటే, లోపల పాత స్ప్రింగే ఉందా మార్చేశారా అని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఏం వినపడుతుందో ఆ దేవుడికే తెలియాలి. దారినపోయేవాళ్ళు ఊరికే పలకరింపుగా నవ్వినా "వీడికి నాతో ఏం పని?" అంటాడు. అందుకే మా వీధిలో ఆయనకి జల్లెడ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం అనరు. అంటే ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని మళ్ళీ ఓ విచారణ మొదలవుతుంది.

ఆయన్ని అనడానికి నీకేం అర్హత ఉందని మీరడగొచ్చు. నేను సిటీ బస్సులో కండక్టరమ్మని. నిద్ర నటించేవాళ్ళనీ, టికెట్ వెనకాయన దగ్గరుందని చెప్పి ముందు డోరు నుంచి జారుకునేవాళ్ళనీ చూసి చూసి, ఎవరి మొహం కనపడినా ముందు అనుమానించి ఆ తర్వాత పలకరించే అలవాటు నాకూ పట్టుకుంది. కాకపోతే నా అనుమానం డ్యూటీ అవగానే డిపోలో దిగిపోతుంది. మా బావది ఆయనతోపాటే ఇంటికొచ్చి, భోంచేసి, పక్కమీద పడుకుంటుంది.

ఆయనది టీ కంపెనీలో ఉద్యోగం. ఏం చేస్తాడంటే టీ తాగి ఉమ్మేస్తాడు. నవ్వకండి, అది పెద్ద ఉద్యోగమే. నన్నోసారి తీసుకెళ్ళి చూపించాడు. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ, దాని కింద పొడుగాటి బల్ల, బల్ల మీద తెల్లటి పింగాణీ కప్పులు బారుగా. కెటిల్ పెద్దాయన అని ఒకాయన ఉన్నాడు, ఆయన మరుగుతున్న నీళ్ళు పోసుకుంటూ వెళ్తాడు. వెనకాలే మా బావ చెంచాతో తీసి, వీధి చివరికి వినపడేలా జుర్రుమని పీల్చి, నోట్లో తిప్పి, చక్రాల డబ్బాలోకి తుపుక్కున ఉమ్మి, "పొగ తగిలింది", "పాత ఆకు కలిపారు", "ఇది బాగుంది" అంటూ సాగిపోతాడు. ఆ నాలిక కోసం ఆయన వెల్లుల్లి తినడు, వాసన సబ్బు రుద్దుకోడు, జలుబొస్తే లోకం మునిగిపోయినట్టు కూర్చుంటాడు.

ఏ కప్పులో ఏ తోట ఆకుందో ఎక్కడా రాసిలేదు. అడిగితే కప్పు ఎత్తి చూపించాడు. చీటీ అడుగున అంటించి ఉంది.

"రుచి చెప్పేదాకా చీటీ చూడకూడదు మరదలా. మంచి తోట పేరు కనపడిందనుకో, గడ్డి కూడా తియ్యగా తగులుతుంది. నాలికంతగా చాడీలకి లొంగేది ఇంకోటి లేదు, ఏం చెప్తే అది నమ్ముతుంది."

"అంటే మీ నాలిక మీద కూడా మీకు అనుమానమేనా?" అన్నాను.

"ముందు దాని మీదే," అన్నాడు గర్వంగా.

పెళ్ళిచూపులకి అక్కని చూడటానికి మా ఇంటికి వచ్చిన రోజు కూడా ఇంతే. టీ నేను పెట్టాను. కప్పు అందుకుని వాసన చూశాడు, చిన్న గుక్క వేశాడు, కాసేపు ఆలోచించి, "ఈ నీళ్ళు రెండోసారి మరిగించారు," అన్నాడు. నాకు కోపం నషాళానికంటింది, ఎందుకంటే అది నిజం. అక్క మాత్రం పకపకా నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని ఆయన చాలాసేపు చూశాడు. ఏమీ కనపడక పెళ్ళికి ఒప్పుకున్నాడని నా ఉద్దేశం. అప్పటినుంచి ఇన్నేళ్ళ కాపురంలో అక్క చేతి టీ అందుకోగానే తాగినవాడు కాదు. వాసన, చిన్న గుక్క, ఆలోచన, ఆ తర్వాతే తాగడం. నేను పై వాటాలో ఉంటాను కాబట్టి ఈ తంతు రోజూ నా కళ్ళబడుతూనే ఉంటుంది. నేనైతే ఆ కప్పు నెత్తిన బోర్లించేదాన్ని. అక్క మటుకు, "ఆయన పద్ధతి ఆయనది. తాగుతున్నారుగా," అనేది.

ఇలా సాగిపోతుండగా ఒకరోజు ఆఫీసులో కప్పు మీదకి వంగిన మనిషికి ముక్కులోంచి రక్తం కారి తెల్ల పింగాణీలో పడింది. ముందు ఆ టీలో ఎవరో ఏదో కలిపారని కేకలేశాడట. కెటిల్ పెద్దాయనే ఆయన్ని కుర్చీలో కూలేసి, తడిగుడ్డ పెట్టి, మా ఇంటికి ఫోన్ చేశాడు.

బీపీ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుందని చెప్పింది డాక్టరమ్మ. ఇలాగే వదిలేస్తే కళ్ళకో, కిడ్నీలకో, ఏకంగా మెదడుకో దెబ్బ తగులుతుందంది. ఆ మాటతో అక్క మొహం పాలిపోయింది. మా బావ వాళ్ళ నాన్న కూరల సంచీతో ఇంటికొస్తూ వీధి మలుపులో కూలబడిపోయింది ఈ జబ్బుతోనే. దొర్లిన ఉల్లిపాయలు ఏరింది కొత్తగా కాపురానికొచ్చిన మా అక్కే.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికస్తురాలు. ఏ మందు రాసినా దాని మంచీచెడ్డా విడమరిచి చెప్పందే చీటీ చేతిలో పెట్టదు. మా బావకి అలాంటి డాక్టర్ దొరకడం అదృష్టమని అప్పుడనుకున్నాను.

"రోజూ ఒకటి వేసుకోండి. చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందికి పొడిదగ్గు వస్తుంది. ఎక్కడో ఒకరికి నోట్లో ఇనుము రుచి తగులుతుంది," అంది.

మా బావ కుర్చీ ముందుకి జరిగాడు. "ఆ ఒకరు నేను కాదని మీకెలా తెలుసు?"

"తెలీదండీ. ఉంటే చెప్తారని ముందే చెప్తున్నాను."

"నేను చేసే పనేంటో తెలుసా మీకు?"

తెలిశాక ఆవిడ కూడా కాస్త కంగారుపడింది. ఇనుము రుచి చాలా అరుదని మరోసారి చెప్పింది. మా బావకి అందులో 'అరుదు' ఎక్కలేదు, 'ఇనుము' ఎక్కింది.

పొద్దున మాత్ర వేసుకున్నాడు, సాయంత్రానికి నోరంతా ఇనుమన్నాడు. అక్కడితో ఆగితే ఆయన జల్లెడెందుకవుతాడు? మాత్ర వల్లా, ఇంకేదైనా కారణముందా అని ఇంటిల్లిపాదినీ పరిశోధనలో దింపాడు. నీళ్ళ ట్యాంకు కడిగించాడు, చెంచాలు మార్పించాడు, నా చేతి గాజులు తుప్పుపట్టాయా అని అడిగాడు. ఆఫీసులో మంచి ఆకుని కూడా వరసపెట్టి పక్కన పడేస్తుంటే యజమాని ఇంకొకాయన చేత రుచి చూపించాడు. ఆయన అన్నీ బాగున్నాయన్నాడు. అప్పుడు మా బావ చూపు కెటిల్ మీద పడింది. "లోపల కళాయి పోయింది, చెప్పకుండా దాచావు," అని అందరి ముందూ పెద్దాయన్ని నిలదీశాడు. మా బావ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నీళ్ళు పోస్తున్న మనిషి, లోకంలో ఆయన అనుమానించకుండా వదిలేసిన ఒకే ఒక్క మనిషి. పెద్దాయన కెటిల్ బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళిపోయి, తిరిగొచ్చాక కూడా మా బావతో మాట్లాడటం మానేశాడు.

మాత్ర ఆపగానే ఇనుము రుచి పోయింది. "చూశారా!" అన్నాడు మా బావ. ఆ గెలుపు ఏమిటో, ఎవరి మీదో నాకర్థం కాలేదు.

డాక్టరమ్మ రెండో మందు ఇచ్చింది. ఈసారి ఆయనే కాగితం కలం పట్టుకుని, "దీనికేం వస్తాయో చెప్పండి," అన్నాడు. మొదట్లో కొందరికి కళ్ళు తిరుగుతాయి, గభాల్న లేవకండి అందావిడ. ఇంకేముంది, ఇంట్లో గోడ పట్టుకుని నడక మొదలైంది. బస్సులో ఆడవాళ్ళ సీట్లకి ఆనుకుని నిలబడితే నా తోటి కండక్టరమ్మ తాగొచ్చాడనుకుని దింపేసింది. అది నటనేమోనని నేను ఆయన్ని కొన్నాళ్ళు పొంచి చూశాను. ఎవరూ లేరనుకున్నప్పుడు కూడా గోడ పట్టుకునే ఉన్నాడు, నుదుటి మీద చెమట. నటన కాదు. నిజంగానే తిరుగుతున్నాయి. నాకు జాలేసింది, జాలి వేసినందుకు ఒళ్ళూ మండింది.

ఆ మందూ మానేశాడు. బీపీ మళ్ళీ ఎక్కి కూర్చుంది. కళ్ళలో ఎర్రజీర, రోజూ తలనొప్పి. ఆయన సంచీ పుచ్చుకుని బజారుకి బయల్దేరితే చాలు, తిరిగొచ్చేదాకా అక్క గేటు పట్టుకుని నిలబడేది.

ఇక లాభంలేదని అక్కని వెంటబెట్టుకుని నేనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. లోపలికెళ్ళగానే, "మీరు ఊరుకుంటే సరిపోయేదమ్మా. మీ నోటినుంచి మాట రావడం, మా బావ ఒంట్లో జబ్బు రావడం," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "కొందరికి మందు వల్ల వస్తుంది. కొందరికి నేను చెప్పడం వల్ల వస్తుంది. రెండో రకం వాళ్ళది అబద్ధమనుకోకండి, బాధ నిజమే. నేను మంచికని చెప్పే మాటే కొంతమందికి చెడు చేస్తుందని తెలిసే చెప్తున్నాను."

"మరెందుకు చెప్పడం?"

"చెప్పకపోతే, నిజంగా మందు పడకపోయిన రోజున ఆయన అది ఏ గాలివల్లో అనుకుని ఊరుకుంటే? నా మీద నమ్మకం పోతే? నేను అబద్ధం ఆడలేను. ఆయన అడిగితే చెప్తాను."

"అయితే ఆయన రారు, మేమే మందు పట్టుకెళ్తాం," అన్నాను.

డాక్టరమ్మ కలం అటూ ఇటూ తిప్పింది. ఒప్పుకోవడం ఇష్టంలేదని తెలుస్తూనే ఉంది. చివరికి మూడో మందు రాసి, "కనీసం మీకైనా చెప్తాను," అంది అక్కతో. అక్క తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. నాకు తెలిస్తే నా మొహంలో కనపడుతుంది. ఆయన మొహాలు చదువుతారు." ఒంట్లో ఏ తేడా కనపడినా ఆ రోజే తీసుకురావాలని ఒట్టేయించుకున్నట్టు చెప్పి పంపింది డాక్టరమ్మ. ఆ మందు వల్ల ఏమేం వస్తాయో రాసి పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితాన్ని నేనే లాగేసి డిపో చెత్తబుట్టలో పడేశాను. ఇప్పటికీ అది తప్పనిపించదు నాకు. బతకాలనే కదా చేశాం.

మా బావ పెట్టె తెరిచి చూశాడు. తిరగేసి దులిపాడు.

"కాగితం ఏది?"

అక్క నీళ్ళు నమిలింది. "పెట్టెలో... రాలేదేమో."

"సరే," అన్నాడు.

మా బావ సరే అన్నాడంటే ఏదో మూడిందన్నమాట. ఇన్నేళ్ళూ లోకమంతా తన దగ్గర ఏదో దాస్తోందని అనుకుంటూ బతికాడు. అనుమానమే తప్ప సాక్ష్యం ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు సొంత పెళ్ళామే చేతిలో పెట్టింది. ఆ మందు ముట్టుకోలేదు. ఇనుమో, కళ్ళు తిరగడమో అని తెలిసినప్పుడు భయానికి ఒక హద్దైనా ఉండేది. ఏముందో తెలియని కాగితంలో ఆయనకి లేని జబ్బు లేదు. చెప్పినా చెడే, చెప్పకపోయినా చెడే, ఈ మనిషిని ఎలా బతికించుకోవాలో మాకు తోచలేదు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అక్క ఇచ్చిన టీ వాసన చూసి, గుక్క వేసి, సింకులో ఉమ్మేశాడు.

"ఇనుము. ఆ కొత్త మాత్ర నూరి ఇందులో కలుపుతున్నావు కదూ?"

అక్క తెల్లమొహం వేసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనూ అక్క వంక అనుమానంగానే చూశాను. ఎందుకంటే విసుగెత్తి ఒకరోజు, "నూరి టీలో కలిపెయ్యవే, పీడా పోతుంది," అని సలహా ఇచ్చింది నేనే. "ఛీ, నా చేత్తో ఇచ్చేదాన్లోనా!" అని అప్పుడు నన్ను కసిరింది. కసిరినవాళ్ళు చేయరని ఏముంది? మా బస్సులో గట్టిగా దబాయించేవాళ్ళ దగ్గరే టికెట్ ఉండదు.

ఆ మర్నాడు మా బావ కొత్త కెటిల్ కొనుక్కొచ్చాడు. తన టీ తనే పెట్టుకుని, కప్పూ కెటిలూ బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం మొదలెట్టాడు. అక్క ఆ ఇంట్లో టీ పెట్టడమే మానేసింది. తను కూడా తాగేది కాదు. వంట చేస్తూ చేస్తూ గరిట పట్టుకుని ఆగిపోయేది. "చచ్చిపోతారన్న భయం కంటే ఇది ఎక్కువ బాధగా ఉందే. నా చేతిని అసహ్యించుకుంటున్నారు," అని నా దగ్గర ఏడ్చింది. నేను ఒంటికాలి మీద లేచి కిందకి దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వొద్దు. నేను చూసుకుంటాను."

సెలవురోజు మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఆరు తెల్ల కప్పులు పెట్టింది. మూడు అటు, మూడు ఇటు. మా బావని పిలిచింది.

"మీరన్నది నిజమే. కలిపాను. ఈ ఎడమచేతి వైపు మూడింటిలో కలిపాను, కుడివైపు వాటిలో లేదు. మీ నోటితోనే తేల్చండి."

నా సలహానే పాటించిందన్నమాట అనుకున్నాను. మా బావ నన్నూ అక్కనీ మార్చి మార్చి చూసి, చెంచా తెచ్చుకుని, ఆఫీసులోలాగే జుర్రుమని పీల్చాడు. ఎడమవైపు మొదటిది నోట్లో పడగానే మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. రెండోది, మూడోది కూడా. "ఇనుమే. ఇన్నాళ్ళూ నన్ను పిచ్చివాణ్ణి చేశారు." కుడివైపువి రుచి చూసి, "వీటిలో లేదు," అన్నాడు.

"ఆఫీసులో ఇలాగే చేస్తారా?" అంది అక్క.

"ఏం?"

"ఏ కప్పులో ఏముందో ముందే చెప్పేస్తారా?"

మా బావ చేతిలోని చెంచా వైపు చూసుకున్నాడు.

"అటు తిరగండి."

ఎందుకో తిరిగాడు. అక్క కప్పుల అడుగున చీటీలు అంటించింది, వాటిని గబగబా అటూ ఇటూ మార్చింది, నాకు కూడా ఏది ఏదో తెలియలేదు. మళ్ళీ పిలిచింది. ఆయన వంగి మొదటి కప్పు పీల్చాడు. ఆగాడు. రెండోది పీల్చాడు. మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. ఈసారి మొహంలో మా బావ లేడు. ఆ పెద్ద కిటికీ కింద పొడుగాటి బల్ల ముందు నేనోసారి చూసిన ఆ పనివాడు ఉన్నాడు. చివరిదాకా వెళ్ళి చెంచా కింద పెట్టేశాడు.

"అన్నీ ఒకటే టీ," అన్నాడు. "ఒకే కెటిల్‌లోది. ఎందులోనూ ఏం లేదు."

అక్క కొంగులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. అట్ట ఒక్కచోట కూడా చిరగలేదు.

"కలిపానని చెప్తే ఇనుము తగిలింది. కలపలేదని చెప్తే ఎప్పుడైనా నమ్మారా? మీ నాలికలో లోపం లేదు. ఆ నాలిక మీద లోకంలో ఎవరికీ లేనంత నమ్మకం నాకుంది. అది నిజమే చెప్తుంది, మీరే దాన్ని చెప్పనివ్వరు. కాగితం తీసేశాం, అది మేం చేసిందే. కానీ మీ టీలో నేను ఏదీ కలపలేదు. ఏనాడూ కలపను." అంటూనే గట్టిగా ఏడ్చేసింది.

మా బావ ఆ ఆరు కప్పులూ ఓసారి చూశాడు. తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తింది. వెళ్ళిపోయాడేమోనని ఆమె భయం, వెళ్తే వెళ్ళనీ అని నా కోపం.

చీకటి పడకముందే తిరిగొచ్చాడు. చేతిలో అదే మందు, కొత్త పెట్టె. "ఇది నేనే కొన్నాను," అన్నాడు. చూశారా, అప్పటికీ మా పెట్టె మీద నమ్మకం లేదు. పెట్టె విప్పి, చిన్న జిగురు చుక్కతో అంటించి ఉన్న మడత కాగితం బయటికి తీశాడు. వేళ్ళు ఆగలేదు, కాగితం అంచు మీద అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. ఆయన్ని అంత కష్టంలో నేనెప్పుడూ చూడలేదు. అక్క తాగే కప్పు అరలోంచి తీసి, బల్ల మీద బోర్లించి, ఆ కాగితం దాని కిందికి తోశాడు.

"చీటీ నీ దగ్గరుండనీ. నాకు ఒంట్లో ఏదైనా తేడా వస్తే నేను చెప్తాను. అప్పుడు తీసి చూడు. ఉంటే ఉందను, లేకపోతే లేదను."

"నేనూ ముందు చూడను," అంది అక్క.

"నువ్వు..." అని ఆగాడు. ఆ వాక్యం 'చూడవని నమ్మకమేంటి' దగ్గరికి వెళ్తోందని నాకు తెలుసు. దాన్ని మింగేసి, అట్ట చించి మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

మర్నాడు ఆఫీసులో కెటిల్ పెద్దాయన దగ్గర నిలబడి, "నీళ్ళు బాగున్నాయి పెద్దాయనా," అన్నాడట. క్షమాపణ అంటే ఆయనకి అంతే చేతనవును. పెద్దాయన "ఎప్పుడూ బాగానే ఉన్నాయి," అని మూతి ముడుచుకునే నీళ్ళు పోశాడట.

బీపీ మెల్లగా దిగింది. తలనొప్పి తగ్గింది. అక్క మళ్ళీ టీ పెడుతోంది, ఆయన మళ్ళీ వాసన చూస్తున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి నా అనుమానం నిద్రలేచింది. మా బావ ఆ కాగితం చదవకుండా ఉండటమా? అక్క గుడికో బజారుకో వెళ్ళినప్పుడు కప్పు ఎత్తి చదివేసి మళ్ళీ పెట్టేసి ఉంటాడు. ఆయన పప్పులు నా దగ్గర ఉడకవు. ఒకసారి విప్పిన కాగితం మళ్ళీ అదే మడతలో పడుకోదు, వాడిన టికెట్‌ని కొత్తదని చూపించేవాళ్ళని నేను పట్టుకునేది అలాగే. కానీ అక్క ఆ కప్పు దగ్గరికి నన్ను రానివ్వలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి బూట్లు విప్పుతూ, బూటు బిగుతైందని బూట్లు కుట్టేవాణ్ణి తిట్టుకున్నాడు. సాక్సు విప్పితే చీలమండ మీద దాని అంచు గుర్తు లోతుగా దిగి ఉంది. ఇస్త్రీవాడు సాక్సుల్ని కుదించేశాడన్నాడు. వేలితో నొక్కి చూసుకున్నాడు. గుంట పడింది, పడి అలాగే ఉండిపోయింది. అప్పుడు ఎవర్నీ తిట్టలేదు.

"ఏమే, ఆ చీటీ తియ్యి. కాళ్ళు వాచాయి."

నేను అక్కడే టీ తాగుతున్నాను. అక్క కప్పు ఎత్తింది. నేను కాగితం మడతల మీదే కళ్ళు పెట్టాను. జిగురు చుక్క చుక్కలాగే ఉంది. గోరుతో తీస్తే చిన్న చప్పుడుతో ఊడింది, అంచు కాస్త చిరిగింది కూడా. ఎవరూ విప్పలేదు దాన్ని. బండని కూడా తూకం వేసే మనిషి ఇన్నాళ్ళు ఈ కాగితం పక్కనుంచి నడుస్తూ, దాని పక్కనే అన్నం తింటూ, ఒక్కసారి కూడా విప్పలేదు. నాకు సిగ్గేసింది. తల దించుకున్నాను.

అక్క వేలు పెట్టుకుని చదువుతోంది. వేలు ఒకచోట ఆగింది. ఆమె మొహం చూడగానే నాకర్థమైంది. అందులో ఉంది. ఉందని చెప్తే ఈయన మందు మళ్ళీ మానేస్తాడు, మళ్ళీ ఆ గేటు, ఆ వీధి మలుపు. నేను బల్ల కింద అక్క కాలు తొక్కాను. లేదని చెప్పవే తల్లీ, ఈ ఒక్కసారికి లేదని చెప్పు. మా బావ కాగితం వైపు చూడటం లేదు. అక్క మొహం వైపు కూడా చూడటం లేదు. తన కాళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు, చెప్పింది వినడానికి.

"ఉంది," అంది అక్క. "కొందరికి కాళ్ళు వాస్తాయని ఉంది. డాక్టర్‌కి చెప్పమని ఉంది."

మా బావ తల ఊపాడు. "ఇంకేం ఉంది?" అని నోటిదాకా వచ్చినట్టుంది, పెదవులు కదిలాయి. అడగలేదు.

"మడిచి పెట్టెయ్. రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఆవిడ మార్చమంటే మారుద్దాం. అప్పటిదాకా నేనుగా మాత్ర మానను."

బల్ల మీద అక్క పెట్టిన టీ ఉంది. కప్పు అలవాటుగా మా బావ ముక్కు దగ్గరికి వెళ్తుందని చూశాను. వెళ్ళలేదు. కప్పు ఎత్తి, అడుగుదాకా తాగేసి, కింద పెట్టాడు.

"నీళ్ళు రెండోసారి మరిగించావు," అన్నాడు.

"అవును, మరిగించాను," అంది అక్క.